పాట, బాట, మాట

1977 జూన్ మొదటి వారంలో నన్ను విజయవాడ రేంజికి డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ స్కూల్స్‌గా వేశారు. రేంజి అంటే ఒక ఇన్‌స్పెక్టరు చూసుకోవలసిన బడుల పరిధి. నా పరిధిలో ఊళ్ళో మునిసిపల్ బడులు కొన్ని, మైలవరం వైపు పంచాయతీ సమితి నడిపే ప్రాథమిక పాఠశాలలు చాలా ఉండేవి. అంతకుముందు పదకొండేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పాను. ఈ ఉద్యోగంలో ఆడవాళ్ళు అరుదు గనుక బడుల్లో నన్ను 'ఇన్‌స్పెక్టరు అమ్మగారు' అనేవారు.

ప్రతి బడినీ ఏడాదికొకసారి ముందుగా నోటీసు ఇచ్చి పూర్తిగా తనిఖీ చేయాలి. వీలున్నప్పుడు నోటీసు లేకుండా కూడా వెళ్ళాలి. పాఠం వినాలి, పలకలు చూడాలి, పిల్లల్ని ప్రశ్నలడగాలి, ఆ తర్వాత తనిఖీ పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. ఈ వరుస ముఖ్యం. సంతకం చివర రావాలి. చదివేవాళ్ళకు ఇది చాదస్తంగా కనిపించవచ్చు గాని, నేను చెప్పబోయేదంతా ఆ వరుస తప్పినందువల్ల జరిగిందే.

నేను చేరిన ఏడాదే మా దగ్గర ఒక ప్రయోగం మొదలైంది. చెవులు వినపడని పిల్లల్ని ఎక్కడో దూరాన ఉన్న ప్రత్యేక పాఠశాలకు పంపకుండా, సొంత ఊరి బడిలోనే ఉంచి చదివించాలన్నది ఆలోచన. మంచి ఆలోచనే. ఇప్పటికీ అదే అంటాను. కాని అలాంటి పిల్లలకు చదువు చెప్పడం నేర్చిన ఉపాధ్యాయులు మా సమితి బడుల్లో ఒక్కరూ లేరు. కొత్తగా వేయడానికి పోస్టులు లేవు. అందుకని విజయవాడలోని ఒక ప్రైవేటు సంస్థతో ఒప్పందం చేసుకున్నారు. ఆ సంస్థ పేరు రాయను. ఇప్పుడది లేదు. పేరు రాసి దానికి ఆయుష్షు పోయడం నాకిష్టం లేదు.

ఒప్పందం ప్రకారం సంస్థ తన ఉపాధ్యాయుణ్ణి ఆరు బడులకు పంపాలి. ఆయన ఒక్కో బడికి వారానికి రెండుసార్లు వెళ్ళాలి. వెళ్ళినప్పుడల్లా గంటసేపు వినపడని పిల్లతో విడిగా కూర్చుని, ఎదుటివాళ్ళ పెదవుల కదలికను బట్టి మాట పట్టుకోవడం నేర్పాలి. దీన్ని లిప్ రీడింగ్ అంటారు. అవసరమైన పిల్లలకు చెవి మిషన్ ఇవ్వాలి. వెళ్ళిన ప్రతిసారీ బడిలో ఉంచిన విజిట్ రిజిస్టర్లో సంతకం చేయాలి. దాని పక్కన హెడ్మాస్టరు సంతకం చేయాలి. ఏడాది చివర నేను చూసి పని ఎలా ఉందో ఒక్క మాటలో తేల్చాలి. ఆ మాటలు ఫారంలో అచ్చువేసే ఉంటాయి: సంతృప్తికరం, పాక్షికంగా సంతృప్తికరం, అసంతృప్తికరం. రెండు కొట్టేసి ఒకటి ఉంచాలి. దాన్ని బట్టే ఒప్పందం మరుసటి ఏడాదికి సాగుతుంది.

ఆ నవంబరులో తుఫాను వచ్చింది. జిల్లాలో కాలూ చేయీ ఆడే ఉద్యోగులందరినీ సహాయ పనులకు పంపారు. నేనూ వెళ్ళాను. తిరిగి నా కుర్చీలో కూర్చునేసరికి జనవరి సగం గడిచింది. తనిఖీలు కుప్ప పడి ఉన్నాయి. ఆ సమయంలో ఒప్పందం కాగితం తీసి చదివితే, అందులో ఒక వాక్యం కనిపించింది: పిల్లల ప్రగతిని సంస్థ ఆవరణలో పరీక్షించవచ్చును. ఆరు ఊళ్ళు తిరగనక్కరలేదు కదా అని ప్రాణం లేచి వచ్చింది. తుఫాను మీదికి నెట్టి తప్పించుకోవచ్చు గాని నెట్టను. తుఫాను సంతకం పెట్టలేదు, నేను పెట్టాను.

1978 ఫిబ్రవరిలో గవర్నరుపేటలో వాళ్ళ డాబా మీదికి వెళ్ళాను. సంస్థ కార్యదర్శి శేషగిరి గారు గుమ్మందాకా ఎదురొచ్చారు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, మెత్తని మాట. వేదిక లాంటి గచ్చు మీద ఒక పిల్లను నిలబెట్టారు. తొమ్మిదేళ్ళుంటాయేమో. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. ఛాతీ మీద గుడ్డ సంచిలో చెవి మిషన్ పెట్టె, అందులోంచి చెవిలోకి తీగ. పిల్ల ముందు బల్ల మీద బొమ్మల అట్టలు పరిచి ఉన్నాయి. శేషగిరి గారు నాలుగు గజాల దూరంలో నిలబడి ఒక్కో మాట అంటే పిల్ల ఒక్కో అట్ట తీసి ఇచ్చింది. గుర్రం, గొడుగు, పడవ. ఒక్కటీ తప్పలేదు.

"ఇప్పుడు చూడండమ్మగారూ, అసలైనది" అన్నారాయన. పిల్ల వైపు తిరిగి "పాట" అన్నారు. పిల్ల ఒకామె తంబూరా పట్టుకుని పాడుతున్న బొమ్మ తీసింది. "బాట" అన్నారు. చెట్ల మధ్య దారి బొమ్మ తీసింది. "మాట" అన్నారు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటున్న ఇద్దరు మనుషుల బొమ్మ తీసింది. మళ్ళీ వరుస మార్చి అడిగారు. మళ్ళీ సరిగ్గానే తీసింది.

"ఒక్క అక్షరమేనండి తేడా. వినపడే పిల్లలే తడబడతారు. ఇది పెదాలు చూసి పట్టేసింది. తెలుగు చెప్పినవారు, తమకు నేను చెప్పాలా" అన్నారు.

నాకు చెప్పనక్కరలేకపోయింది. ప్రాస వింటే ఒళ్ళు మరిచిపోయే జాతి మనది. అందులో నేను తెలుగు టీచరును. పాట, బాట, మాట అని నాలో నేను రెండుసార్లు అనుకుని మురిసిపోయాను. ఆయన గొంతు విప్పి ఎందుకు పలుకుతున్నారని అడగలేదు. ఈ పిల్ల ఆరు బడుల్లో ఏ బడి పిల్ల అని అడగలేదు. ఫారం తీసి రెండు మాటలు కొట్టేసి, 'సంతృప్తికరం' ఉంచి, సంతకం పెట్టాను. వాళ్ళిచ్చిన కాఫీ కూడా తాగాను.

ఆ ఏడాది నవంబరులో మైలవరం అవతల ఒక ఊరి సమితి బడికి నోటీసు లేకుండా వెళ్ళాను. ఆరు బడుల్లో అది ఒకటి. ఆ రోజు నేను వెళ్ళింది మామూలు తనిఖీకి. మూడో తరగతిలో చివరి వరుసలో ఒక పిల్ల తల వంచుకుని పలక మీద రాసుకుంటోంది. దగ్గరికి వెళ్ళి చూస్తే దస్తూరీ ముత్యాలు పేర్చినట్టు ఉంది. బోర్డు మీదున్న తేదీ, హాజరు సంఖ్య, పద్యం, అన్నీ ఎక్కించింది. బోర్డు మూల నిన్నటి పాఠం సగం చెరిపి వదిలేశారు. ఆ సగం చెరిగిన అక్షరాలను కూడా సగం సగంగానే దించింది.

టీచరు మెల్లగా, "రూతండి. చెవుడండి" అన్నారు.

పలక తీసుకుని కింద 'నీ పేరు రాయి' అని రాసి ఇచ్చాను. రూతు నా మొహం చూసింది, పలక చూసింది. నా అక్షరాల కింద అంతకంటే అందంగా 'నీ పేరు రాయి' అని రాసి, పలక నాకు తిప్పి చూపించింది. మెచ్చుకుంటానని ఎదురుచూసింది.

ఒప్పందం మొదలై అప్పటికి ఏడాదిన్నర. అన్నాళ్ళుగా వారానికి రెండు గంటలు ప్రత్యేకంగా చదువు చెప్పించుకున్న పిల్లకు, రాసిన దానికి ఒక అర్థం ఉంటుందన్న సంగతే తెలియదు. అక్షరం దానికి ముగ్గు.

హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళి విజిట్ రిజిస్టరు తెప్పించాను. నెలకు ఎనిమిది సంతకాలు, ఒక్కటి తక్కువ లేదు. నెల మొత్తం ఒకే సిరా, ఒకే వాలు. పక్కన హెడ్మాస్టరు సంతకాలు. ఆయన రిటైరు కావడానికి రెండేళ్ళున్న మనిషి, చెడ్డవాడు కాదు. రాని రోజుకు సంతకం ఎలా పెట్టారని అడిగాను. నేల చూపులు చూస్తూ, "మొదట పెట్టనన్నానండి. తర్వాత తమరే చూసి బాగుందని రాశారని ఆ విజయవాడ సారు చెప్పారు. ఇన్‌స్పెక్టరు అమ్మగారే సంతృప్తి పడ్డాక మధ్యలో నాదేముందండి" అన్నారు.

ఆయన మీద అరుద్దామని నోరు తెరిచినదాన్ని మూసుకున్నాను. ఆయన సంతకం నా సంతకానికి పుట్టిన పిల్ల.

మధ్యాహ్నం రూతు తల్లి వచ్చింది. పేరు సంతోషమ్మ. మిరప చేలో కలుపు తీస్తూ, అన్నం వేళకు కూతురి కోసం పరుగెత్తుకొచ్చేది. ఆదివారం చర్చికీ, మిగతా ఆరు రోజులు చేలోకీ వెళ్ళే మనిషి. వరండా అంచున కూర్చుని గచ్చు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టింది. అదురు తగిలి రూతు తల తిప్పింది. ఆ తర్వాత తల్లీ కూతుళ్ళు మాట్లాడుకున్నారు. సగం పెదవులతో, సగం చేతులతో. పొద్దున ఎవరో పిల్లవాడు పలక పగలగొట్టిన కథ రూతు అంతా చెప్పింది. పిల్లవాడి ఏడుపుతో సహా చెప్పింది. తల్లి నవ్వింది. ఇందాక 'నీ పేరు రాయి' అని తిరిగి రాసిన పిల్లేనా ఇది అనిపించింది.

నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. రెండో ఏట పెద్ద జ్వరం వచ్చి తగ్గాక పిల్లకు వినపడటం పోయిందని చెప్పింది. విజయవాడ నుంచి సారు వస్తున్నారా అని అడిగాను.

"వత్తారండి. నెలకోసారి వత్తారు, ఒక్కోసారి రెణ్ణెల్లకి. బల్ల మీద పుస్తకం తీసి సంతకాలు పెట్టుకుని పోతారండి. దీని కాడ కూకున్నది లేదండి. ఆయనొస్తే ఇది నాకు మామొచ్చాడని చెప్పుద్ది."

"మామ ఎందుకయ్యాడు?"

సంతోషమ్మ నవ్వు ఆపుకుని, ముక్కు కింద చూపుడు వేలు అడ్డంగా పెట్టి రాసి చూపించింది. "మీసమండి. పెద్ద మీసం. పై పెదవి అవుపడదు. మా తమ్ముడికీ మీసమే. అందుకని దీనికి మీసమున్నోళ్ళంతా మామలేనండి."

పెదవులు చూసి మాట పట్టుకోవడం నేర్పే పనికి, పెదవి కనపడని మీసాలవాణ్ణి పంపారు. నవ్వాలో తిట్టాలో తెలియలేదు. సంతోషమ్మ తన ధోరణిలో తను చెప్పుకుపోతోంది. "ముందు నేనూ నోటితోనే చెప్పేదాన్నండి. మామ అంటే పక్కింటి పాపని చూపించేది. పాప అంటే మామ కోసం చూసేది. దాని తప్పు కాదండి. పాప అన్నా మామ అన్నా పెదాలు ఒకే రకంగా ఆడతాయి గదండీ. అదేం చేస్తది? అందుకని మీసం పెట్టి చెప్తానండి. పాపకి ఇట్టా ఊయల."

లేచి హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళాను. గోడకు చిన్న అద్దం ఉంది. దాని ముందు నిలబడి గొంతు లేకుండా పెదవులతో మాత్రం అన్నాను: పాట. బాట. మాట. అద్దంలో మనిషి మూడుసార్లూ ఒకే మాట అంది. పెదవులు రెండూ కలిసి విడివడతాయి, అంతే. ప, బ, మలకు తేడా గొంతులోనూ ముక్కులోనూ ఉంది. అది చెవికి వినపడుతుంది, కంటికి కనపడదు. పదకొండేళ్ళు పిల్లలకు ఓష్ఠ్యాలు చెప్పినదాన్ని. పెదవులతో పుట్టేవి ఓష్ఠ్యాలు అని బట్టీ పట్టించినదాన్ని. ఒక్కనాడూ అద్దంలో చూసుకోలేదు.

అంటే గవర్నరుపేట డాబా మీద ఆ ఎర్ర రిబ్బన్ల పిల్ల పెదవులు చూసి అట్టలు తీయలేదు. విని తీసింది. శేషగిరి గారికి లిప్ రీడింగ్ అంటే ఏమిటో ఓనమాలు తెలిసినా ఆ మూడు మాటలు ఎంచుకునేవారు కాదు. చెవికి దగ్గరగా ఉన్న మాటలైతే పంతులమ్మ మురిసిపోతుందని ఎంచుకున్నారు. ఆయన అనుకున్నట్టే మురిశాను కూడా. ఆ పూట నాకు ఆయన మీద వచ్చిన కోపం కంటే నా మీద వచ్చిన కోపం ఎక్కువ. ఇప్పుడు లెక్క వేసుకుంటే రెండూ సమానం అనిపిస్తోంది.

బయటికి వచ్చాక సంతోషమ్మ అసలు సంగతి అడిగింది. "వచ్చే ఏటికి దీనికి పదేళ్ళు నిండుతాయండి. ఈ ఏడు చూసి చేలోకి తీసుకుపోదామనుకుంటన్నా. దీనికి చదువొస్తదంటారా అమ్మగారూ? వస్తదంటే ఆగుతాను."

వస్తుందన్నాను. ఆ సారును తీసేయించి, పని తెలిసిన మనిషిని తెప్పిస్తానన్నాను. జూన్ దాకా ఆగమన్నాను. అక్కడే వరండాలో బల్ల వేయించుకుని తనిఖీ పుస్తకంలో చూసింది చూసినట్టు రాసి సంతకం పెట్టాను. నేను రాసినంతసేపూ రూతు పెన్ను వంకే చూసింది.

ఒప్పందం రెండో ఏటి పరీక్ష 1979 జనవరిలో వచ్చింది. ఈసారి నోటీసు ఇచ్చే వెళ్ళాను. అదే డాబా, అవే అట్టలు, అదే పిల్ల. కాస్త పొడవు పెరిగింది. గుర్రం, గొడుగు, పడవ అయ్యాయి. పాట, బాట, మాట అయ్యాయి. శేషగిరి గారు నా మొహంలోకి చూశారు. చాలా బాగుందండి అన్నాను. పిల్లను దగ్గరగా చూస్తానన్నట్టు వెళ్ళి దాని వెనక నిలబడి, ఇంట్లో మాట్లాడే గొంతుతో, "పాపా, నీ రిబ్బను ఊడిపోతోందమ్మా" అన్నాను.

పిల్ల చెయ్యి టక్కున జడ మీదికి వెళ్ళింది.

శేషగిరి గారే ముందు తేరుకున్నారు. "కొద్దిగా వినికిడి మిగిలుందండి ఈ పాపకి. మా మిషన్ వల్ల అది వృద్ధి అయింది" అన్నారు. నేను సంచిలోంచి పెట్టె తీసి తెరిచాను. బ్యాటరీ ఉండవలసిన చోట ఖాళీ. ఏ బడి అమ్మా నీది అని పిల్లను అడిగాను. పెంపకం మంచిది. పెద్దవాళ్ళు అడిగితే చెప్పాలని తెలిసిన పిల్ల. "మునిసిపల్ స్కూలండి. ఐదో తరగతి" అంది స్పష్టంగా. తర్వాత శేషగిరి గారి వైపు తిరిగి, భయంగా, "పేరు పెట్టి పిలిస్తే తిరగొద్దన్నావు గదా బాబాయ్, తిరగలేదు. రిబ్బను సంగతి నువ్వు చెప్పలేదు" అంది.

ఆ పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. రిబ్బను సరిచేసి, నీ తప్పేమీ లేదమ్మా, ఇంటికి వెళ్ళు అన్నాను. పిల్ల మెట్లు దిగిందాకా ఆగి, నేను శేషగిరి గారిని అన్న మాటలు ఇక్కడ రాయదగినవి కావు. గట్టిగానే అన్నాను. కింద వీధిలో జనం తలెత్తి చూశారని తర్వాత తెలిసింది. వినపడే పిల్లకు చెవిటితనం నటించడం ఇంత శ్రద్ధగా నేర్పిన మనిషి, అందులో సగం శ్రద్ధ రూతు మీద పెట్టి ఉంటే అది ఈపాటికి తన పేరు రాసేది. నాకు ఒళ్ళు మండింది అందుకే. చేతకాక చేయకపోతే క్షమించవచ్చు. ఈయనకు చేతనవును. దాన్ని వాడింది దొంగపనికి.

ఆయన మాత్రం గొంతు పెంచలేదు. "కిందటేడు తమరే సంతృప్తికరమన్నారు. ఇవాళ కాదంటే, ఆవేళ తమరు చూసిందేమిటని అడుగుతారండి. ఆలోచించుకోండి" అన్నారు.

అలాగే అడిగారు. నేను 'అసంతృప్తికరం' ఉంచి, జరిగింది నాలుగు పేజీలు రాసి పంపిన పదో రోజున పై అధికారి పిలిపించారు. ఆయన పేరు, ఆఫీసు రాయను, అలాంటివారు ఒక్కరే కారు. నా రెండు నివేదికలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ఒకే పిల్ల, ఒకే మాటలు, ఒకే సంతకం, కిందటేడు బాగుండి ఈ ఏడు ఎలా చెడిందని అడిగారు. కిందటేడు నేను సరిగా చూడలేదని చెప్పాను. అది రాసి ఇస్తే నా మీదే చర్య వస్తుందని, 'పాక్షికంగా సంతృప్తికరం' అని మార్చి ఇస్తే అందరికీ బాగుంటుందని, సంస్థ చేత ఉపాధ్యాయుణ్ణి మార్పిస్తానని అన్నారు. మీసం తీయిస్తారా అని అడిగాను. ఆయనకు అర్థం కాలేదు. చివరికి నవ్వుతూ, "చెవిటివాడి ముందు శంఖం ఊదడానికి ఎందుకండీ మీకింత పట్టుదల" అన్నారు.

ఆ సామెత నేనూ క్లాసుల్లో వందసార్లు వాడాను. ఆ గదిలో వినేదాకా, అందులో నవ్వు ఎవరి మీదో ఆలోచించలేదు. అక్కడే కాగితం అడిగి తీసుకుని, మొదటి నివేదిక చూడకుండా రాసినదని, అది తప్పని, దాన్ని నమ్మి హెడ్మాస్టరు సంతకాలు చేశారు గనుక ఆయన్ని బాధ్యుణ్ణి చేయవద్దని రాసి ఇచ్చాను.

మార్చిలో మూడు కాగితాలు వచ్చాయి. ఒకటి నాకు మెమో. విధి నిర్వహణలో అజాగ్రత్తకు మందలింపు, సర్వీసు రిజిస్టర్లో నమోదు. అది న్యాయమే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. రెండోది సంస్థతో ఒప్పందం రద్దు. మూడోది రెండుసార్లు చదివాను. తగిన సంస్థ దొరకనందున ఆరు బడుల్లోనూ పథకమే నిలిపివేస్తున్నారు. దొంగను పట్టుకుంటే ఇల్లు కూల్చారు. కంచె చేను మేసిందంటే కంచె మారుస్తారు గాని, చేను బీడు పెట్టమని ఏ రైతూ అనడు.

పని తెలిసిన టీచరు కావాలని మళ్ళీ రాశాను. జవాబు లేదు. ఏప్రిల్‌లో ఇంకొకటి రాశాను. రూతు తల్లి ఆ పిల్లతో మాట్లాడే పద్ధతి ఒకటుంది, ఆమెను రోజూ ఒక గంట బడికి రప్పించి, కూలి పోకుండా చూసి, ఆ పద్ధతి మూడో తరగతి టీచరుకు నేర్పించడానికి అనుమతి ఇవ్వండి అని. దీనికి మాత్రం వెంటనే జవాబు వచ్చింది. సదరు సంతోషమ్మ విద్యార్హతలు తెలుపవలెను అని. సంతోషమ్మ వేలిముద్ర మనిషి. మీసాలాయన విద్యార్హతలు మాత్రం ఆ ఏడాదిన్నరలో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ఫైలు తిరగేసి చూశాను, ఎక్కడా లేవు.

జూన్‌లో నన్ను వేరే రేంజికి బదిలీ చేశారు. వెళ్ళేముందు ఆ ఊరు వెళ్ళాను. బడి తెరిచి వారమైంది. నాలుగో తరగతి హాజరు పట్టీలో రూతు పేరు ఉంది, ఎదురుగా వరుసగా సున్నాలున్నాయి. హెడ్మాస్టరు తోట వైపు చెయ్యి చూపించారు.

మామిడి తోటలో కోత చివరికి వచ్చింది. తల్లీ కూతుళ్ళు కాయలు గంపలకెత్తుతున్నారు. సంతోషమ్మ నన్ను చూసి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. జూన్ దాకా ఆగానండి అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. నేను జరిగింది చెప్పాను. చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు.

రూతు గంప దించి నన్నే చూస్తోంది. తల్లి వైపు తిరిగి, ఎడమ అరచేయి చాపి, దాని మీద కుడి చూపుడు వేలితో గబగబా గీతలు గీసి, చివర ఒక సున్నా చుట్టి, నన్ను చూపించింది. ఏమంటోందని అడిగాను.

"మీరొచ్చారంటందండి. మీ పేరేనండి అది" అంది సంతోషమ్మ. "సంతకం."

నా మొహం చూసి ఆమె నాకు నచ్చజెప్పబోయింది. "ఆ సారూ సంతకాలే పెట్టారు గదండీ. ఆయనకైతే మీసముంది, దాంతో గుర్తు పెట్టుకుంది. మీకు అదొక్కటేనండి."

ఆ తర్వాత పదమూడేళ్ళు సర్వీసులో ఉన్నాను. ప్రైవేటు సంస్థలు ప్రభుత్వం తరఫున చేసిన పనులు ఇంకా కొన్ని చూశాను. కొన్ని బాగానే చేశాయి. ఆ ఉదంతం వల్ల నేను నేర్చుకున్నది ఒక్కటే. పని బాగుందో లేదో దాన్ని చేసేవాడి ఆవరణలో తెలియదు, అది ఎవరికోసం చేస్తున్నారో వాళ్ళు కూర్చున్న చోటే తెలుస్తుంది. నోటీసు లేకుండా అక్కడికి వెళ్ళి చూసినవాటికే సంతకం పెట్టాను. వెళ్ళలేకపోయినవాటికి ఫారంలో అచ్చువేసిన మూడు మాటలూ కొట్టేసి, పైన 'చూడలేదు' అని రాశాను. ఆ మాటకు ఫారంలో చోటు లేదని రెండు మెమోలు వచ్చాయి. వాటికి జవాబు ఇవ్వలేదు.